రాళ్లవాన రాకముందే తోటను సిద్ధం చేద్దాం

  

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. మోదుగ పూలు రాలుతున్నాయి, ఇప్పపువ్వు మొదలవుతోంది. మన హాస్టల్ వెనక తోటలో టమాట పూత, పిందె మీద ఉంది. వంకాయ కాపుకొచ్చింది. ఆనప తీగ పందిరి ఎక్కింది. బెండ మోకాలు దాటింది. వేసవి సెలవులు ఇచ్చే ఏప్రిల్ చివరి వారం దాకా మనకు కూర ఇక్కడి నుంచే రావాలె. అంగడిలో కూరగాయల ధరలు పెరిగేది కూడా ఇప్పుడే. తోట నిలిస్తే పళ్లెంలో కూర ఉంటది, తోట పోతే పప్పులో నీళ్లు ఎక్కువైతయి. ఈ సంగతి మనందరికీ తెలుసు.

మార్చి, ఏప్రిల్ నెలలు మనకు పరీక్షల కాలం. తోటకు కూడా అదే పరీక్షల కాలం. గాలిదుమారం, ఉరుములు, రాళ్లవాన వచ్చేది ఈ రెండు నెలల్లోనే. పుస్తకాల్లో దీన్ని వడగండ్ల వాన అని రాస్తారు, మన ఊళ్లలో పెద్దలు రాళ్లవాన అంటరు. వానను ఆపడం మన చేతిలో లేదు. కానీ పది నిమిషాల వానలో తోట ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది అనేది చాలా వరకు అంతకు ముందు మనం చేసిన పనిని బట్టి ఉంటుంది. చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకుంటే లాభం లేదు. అందుకే ఈ వ్యాసం.

ఆకాశం నుంచి రాళ్లు ఎట్లా పడతాయి?

చిన్న తరగతుల పిల్లలు ఈ ప్రశ్న ఎప్పుడూ అడుగుతారు. ఇంత ఎండలో మంచు ఎక్కడిది అని.

ఎండాకాలం మొదట్లో నేల బాగా వేడెక్కుతుంది. నేలను ఆనుకున్న గాలి కూడా వేడెక్కి తేలికై పైకి లేస్తుంది. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే తేమ అందులో కలుస్తుంది. పైన ఎత్తులో మాత్రం చల్లని పొడిగాలి ఉంటుంది. కింద వేడి, పైన చలి ఉంటే గాలి మరింత జోరుగా పైకి పోతుంది. అప్పుడు గుమ్మటం లాగా, కోట లాగా నల్లని మబ్బు లేస్తుంది. దీన్ని క్యుములోనింబస్ మేఘం అంటారు. ఇది 12 కిలోమీటర్ల ఎత్తు కూడా దాటుతుంది. మన ప్రాంతంలో ఈ కాలంలో సుమారు 4, 5 కిలోమీటర్ల ఎత్తుకు పోతేనే గాలి గడ్డకట్టేంత చల్లగా ఉంటుంది.

ఆ ఎత్తులో నీటి చుక్కలు సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉండి కూడా వెంటనే గడ్డకట్టవు. ఏదైనా చిన్న మంచు రవ్వ తగిలితే మాత్రం దానికి అంటుకుని గడ్డకడతాయి. కింది నుంచి లేచే గాలి ఆ రవ్వను మబ్బులోనే నిలిపి ఉంచుతుంది. అది తిరిగే కొద్దీ దాని మీద పొర మీద పొర చేరుతుంది. గాలి మోయలేనంత బరువు కాగానే కింద పడుతుంది. పెద్ద వడగల్లును మధ్యకు పగలగొట్టి చూస్తే ఉల్లిగడ్డ లాగా పొరలు కనిపిస్తాయి.

చిన్న రాళ్లు మెల్లగా పడతాయి. రెండున్నర నుంచి నాలుగున్నర సెంటీమీటర్లు ఉన్న రాయి గంటకు 40 నుంచి 65 కిలోమీటర్ల వేగంతో పడుతుంది. రోడ్డు మీద పోయే బస్సు వేగం అది. లేత ఆకు ఆ దెబ్బకు ఆగుతుందా?

జూన్‌లో వానాకాలం మొదలైతే రాళ్లు దాదాపుగా పడవు. అప్పటి మబ్బుల్లో గాలి ఇంత జోరుగా పైకి లేవదు, పైన ఇంత చలిగాలీ ఉండదు. రాళ్లవాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత, సాయంత్రం పూట వస్తుంది. కొద్ది నిమిషాలే ఉంటుంది. సన్నని పట్టీ లాగా పోతుంది. ఒక ఊరి చేను నేలమట్టం అవుతుంది, పక్క ఊరిలో చినుకు కూడా ఉండదు.

2023 మార్చి నెల మధ్యలో మన తెలంగాణలో చాలా జిల్లాల్లో రాళ్లవాన పడింది. వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు నేల మీద మంచు పరిచినట్టు తెల్లగా అయింది. పంట నష్టపోయిన రైతులకు అప్పుడు ప్రభుత్వం ఎకరానికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. హాస్టల్ తోటకు అట్లాంటి సాయం రాదు. మన జాగ్రత్తే మనకు సాయం.

ఏ మొక్కకు ఏం భయం?

అన్ని మొక్కలూ ఒకే తీరుగ దెబ్బతినవు. ఇది తెలిస్తే దేన్ని ముందు కాపాడాలో తెలుస్తుంది.

ఆనప, బీర, గుమ్మడి: ఆకులు వెడల్పు, దెబ్బకు చినిగిపోతాయి. గాలికి పందిరి కూలితే మొత్తం పోతుంది.

టమాట: కొమ్మ చీలే చోట విరుగుతుంది. కాయకు దెబ్బ తగిలిన చోట కుళ్లు మొదలవుతుంది.

మిర్చి, వంకాయ: పూత రాలుతుంది. చెట్టు మాత్రం బతుకుతుంది. మళ్లీ పూతకు వస్తుంది.

బెండ: ఆకులు చినిగినా కాండం గట్టిది, కోలుకుంటుంది.

పుంటికూర, తోటకూర, పాలకూర: ఆకు పోతుంది కానీ మొదలు ఉంటే మళ్లీ చిగురిస్తుంది.

ముల్లంగి, క్యారెట్: గడ్డ భూమిలో ఉంటుంది కాబట్టి భయం తక్కువ.

నారుమడి, కొత్తగా నాటిన మొక్కలు: వీటికే అన్నిటికన్నా ఎక్కువ భయం. ఒక్క రాయి చాలు, మొక్క మొదటికే తెగుతుంది.

కాబట్టి వరుస ఇట్లా పెట్టుకోవాలి: మొదట నారు, తర్వాత టమాట, తర్వాత పందిరి. మిగతావి ఆ తర్వాత.

మొదట గాలి సంగతి

అందరూ రాళ్ల గురించే భయపడతారు. కానీ రాళ్లు పడని రోజు కూడా గాలిదుమారం వస్తుంది. ఈ కాలంలో తోటకు గాలి దెబ్బే ఎక్కువసార్లు తగులుతుంది.

గాలి ఏ వైపు నుంచి ఎక్కువగా వస్తుందో చూడండి. ఆ వైపు దడి కట్టాలి. కందికట్టె, పత్తికట్టె, జొన్నచొప్ప ఇప్పుడు ఊళ్లో దొరుకుతాయి. దడిని గోడ లాగా సందు లేకుండా కట్టొద్దు. గోడకు తగిలిన గాలి పైకెగిరి, అవతల సుడి తిరిగి మొక్కల మీదే పడుతుంది. కొంచెం సందు ఉన్న దడి గాలిని ఆపదు, దాని జోరును తగ్గిస్తుంది. మనకు కావలసింది అదే. మంచి దడి తన ఎత్తుకు సుమారు పది రెట్ల దూరం వరకు గాలి జోరు తగ్గిస్తుంది. అంటే 5 అడుగుల దడి 50 అడుగుల మడికి ఆసరా. వచ్చే ఏడాది కోసం చలికాలంలోనే ఆ వైపున రెండు మూడు వరుసల మొక్కజొన్న గానీ జొన్న గానీ వేసుకుంటే అదే దడి అవుతుంది, తినడానికి కంకులూ వస్తాయి.

టమాట మొక్కకు ఊతకర్ర పెట్టాలి. 5 అడుగుల వెదురు కర్ర తీసుకుని, ఒక అడుగు భూమిలో దిగేటట్టు పాతాలి. కర్ర గాలి వచ్చే వైపు ఉండాలి. అప్పుడు గాలికి మొక్క కర్రకు కొట్టుకోదు. కట్టేటప్పుడు తాడును కర్రకు ఒక చుట్టు, మొక్కకు ఒక చుట్టు వేసి, మధ్యలో మెలిక తిప్పాలి. ఇంగ్లీషు ఎనిమిది అంకె లాగా ఉంటుంది. కాండం చుట్టూ వేలు దూరేంత వదులు ఉండాలి. ఇనుప తీగ, సన్నని ప్లాస్టిక్ దారం వద్దు, గాలికి ఊగినప్పుడు కాండాన్ని కోస్తాయి. పాత గుడ్డ పేలికలు మంచివి. మోదుగ వేరు నారతో తాడు పేనడం మన ఇండ్లల్లో పెద్దవాళ్లకు తెలుసు, అదైతే ఇంకా మంచిది.

ప్రతి మొక్క మొదట్లో జానెడు ఎత్తు మట్టి ఎగదోయాలి. వేరు గట్టిపడుతుంది. దాని మీద టేకు ఆకులు, మోదుగ ఆకులు పరిస్తే వాన చినుకులకు మట్టి చిట్లి ఆకుల మీద పడదు. మట్టితో వచ్చే తెగుళ్లు తగ్గుతాయి. ఆకులు గాలికి ఎగిరిపోకుండా పైన నాలుగు పిడికెళ్ల మట్టి చల్లాలి.

పందిరి గుంజలు చూడండి. చేత్తో ఊపితే ఊగే గుంజ గాలికి నిలవదు. గుంజ రెండు అడుగుల లోతు ఉండాలి, చుట్టూ రాళ్లు వేసి దిమ్మిస చేయాలి. నాలుగు మూలల గుంజలకు బయటి వైపు తాడు లాగి మేకుకు కట్టాలి. డేరాకు కట్టినట్టే. ముదిరిన ఆనపకాయలు, ఎండిన ఆకులు తీసేస్తే పందిరి మీద బరువు తగ్గుతుంది.

ఇంకొక మాట. ఈ నెలలో మొక్కలకు యూరియా ఎక్కువ వేయొద్దు. యూరియాతో వచ్చిన లేత పెరుగుదల గాలికి పుటుక్కున విరుగుతుంది.

రాళ్లకు కప్పు

మొత్తం తోటను కప్పలేం. అంత అవసరమూ లేదు. నారును, చిన్న మొక్కలను కప్పితే చాలు.

1. గంపలు: వెదురు గంప బోర్లించడం అన్నిటికన్నా సులువు. గంప మీద ఒక రాయి పెట్టాలి, లేకపోతే గాలికి దొర్లిపోతుంది. వాన వెలిసిన వెంటనే తీసేయాలి.

2. తడకలు: నారుమడికి నాలుగు పక్కల గుంజలు పాతి, పైన తడక వేయాలి. ఒక వైపు ఎత్తు, ఒక వైపు వాలు ఉండాలి. వాలు ఉంటే రాళ్లు దొర్లి కింద పడతాయి.

3. వెదురు బద్దల గూడు: టమాట, మిర్చి చిన్న మొక్కల వరుసకు ఇది మంచిది. వెదురు బద్దలను విల్లు లాగా వంచి రెండు చివర్లు భూమిలో దించాలి. రెండడుగులకు ఒక బద్ద. వాటి మీద పాత చీర రెండు మడతలు వేసి, బద్దలకు కట్టి, అంచుల మీద రాళ్లు పెట్టాలి. శనగగింజ, గోలీకాయ అంత రాళ్లకు ఇది ఆగుతుంది. నిమ్మకాయంత రాళ్లు పడితే చీర చినగవచ్చు, కానీ దెబ్బ జోరు తగ్గుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, ప్లాస్టిక్ పట్టాను చదునుగా కట్టొద్దు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న పట్టా మీద అంగుళం మందం రాళ్లు నిలిచాయంటే బరువు నూరు కిలోలు దాటుతుంది. అంటే మన స్టోర్ రూంలో రెండు బియ్యం బస్తాలు తెచ్చి మొక్కల మీద పెట్టినట్టే. వదులుగా ఉన్న పట్టా గాలికి ఎగిరి గుంజలను కూడా పీకుతుంది.

రెండవది, మనం పడుకునే దోమతెరలను తోటకు తీసుకుపోవద్దు. మందు పూసిన దోమతెర మలేరియా నుంచి మన ప్రాణం కాపాడేది. ఆ మందు తగిలిన వల తినే ఆకుకూరల మీద వేయడం కూడా మంచిది కాదు. చినిగిన చీరలు, పాత దుప్పట్లు, ఖాళీ గోనెసంచులు ఉన్నాయి కదా, అవి చాలు.

కొత్త వెదురు కోసం అడవికి పోయి నరకాల్సిన పని లేదు. పాత దడుల్లో, పాత పందిరిలో ఉన్నదే మొదట వాడుకుందాం.

నీళ్లు పోయే దారి

రాళ్లవాన వెంట కుండపోత కూడా వస్తుంది. మడిలో నీళ్లు ఒక రోజు నిలిస్తే టమాట, మిర్చి వేర్లకు గాలి అందక వాడిపోతాయి. మడుల మధ్య జానెడు లోతు కాలువ తీసి, పల్లం వైపు వదలాలి. కాలువలో ఎండాకులు, ప్లాస్టిక్ కవర్లు అడ్డం పడకుండా వారానికి ఒకసారి తీయాలి. కాలువ నీళ్లు బోరు దగ్గరికి, వంటగది దగ్గరికి పోకుండా చూసుకోవాలి.

అన్నీ ఒకేసారి విత్తొద్దు

ఇది మన పెద్దలు చేనులో చేసే పనే. ఒకే చేనులో జొన్న, కంది, పెసర కలిపి వేస్తారు. ఒకటి పోయినా ఒకటి చేతికొస్తది అంటరు. తోటలోనూ అదే చేయాలి. తోటకూర మొత్తం ఒకే రోజు చల్లకుండా పది రోజులకు ఒక మడి చొప్పున చల్లాలి. రాళ్లు పడిన రోజు ఒక మడి పెద్దగా ఉంటుంది, ఒకటి చిన్నగా ఉంటుంది, ఒకటి ఇంకా మొలవకుండా మట్టిలో ఉంటుంది. మట్టిలో ఉన్న గింజను రాయి ఏమీ చేయలేదు. నారు కూడా మొత్తం నాటేయకుండా కొంత మిగిల్చి గంపల కింద ఉంచుకోవాలి. పోయిన మొక్కల చోట అది నాటుకోవచ్చు.

మబ్బు పట్టిన రోజు

పొద్దుటి నుంచి ఉక్కపోత ఎక్కువగా ఉండి, మధ్యాహ్నం తర్వాత నల్లమబ్బు కోట లాగా లేస్తుంటే అనుమానించాలి. ఒక్కసారిగా చల్లగాలి కొడితే వాన దగ్గరికి వచ్చినట్టే. వాతావరణ శాఖ హెచ్చరికలు వార్డెన్ సార్ల ఫోనుకు వస్తాయి. పిడుగుల కోసం దామిని అనే యాప్ కూడా ఉంది. చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల పిడుగు పడే అవకాశం ఉంటే చెబుతుంది. హెచ్చరిక వచ్చిన రోజు ప్రార్థన దగ్గర సార్ ఒక మాట చెబితే, ఉరుములు మొదలు కాకముందే ఈ పనులు చేసేయొచ్చు:

రంగు తిరిగిన టమాటాలు కోసేయాలి. పచ్చిగడ్డిలో కాదు, ఎండుగడ్డిలో పెడితే నాలుగైదు రోజుల్లో పండుతాయి.

ముదిరిన వంకాయలు, బెండకాయలు, ఆకుకూర వంటింటికి ఇవ్వాలి.

గంపలు బోర్లించి రాళ్లు పెట్టాలి. చీరల ముడులు చూడాలి.

ఆ రోజు నీళ్లు పెట్టొద్దు. తడిసిన మట్టిలో మొక్క గాలికి సులువుగా లేస్తుంది.

పార, గడ్డపార, బకెట్లు లోపల పెట్టాలి.

ఉరుము వినబడిందంటే అన్నీ ఎక్కడివక్కడ వదిలి గదిలోకి రావాలి. గంప బోర్లించడం సగంలో ఉన్నా సరే. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెడితే మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం తెలుస్తుంది, కానీ లెక్కపెట్టడం కూడా గదిలో నిలబడే చేయాలి. చెట్టు కిందికి అస్సలు పోవద్దు. ఇప్పచెట్టు, మర్రిచెట్టు ఎంత పెద్దదైతే పిడుగుకు అంత దగ్గర. చివరి ఉరుము వినబడిన తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు.

రాళ్లు ఏరుకోవడానికి చిన్నపిల్లలు ఉరుకుతారు. మనం కూడా చిన్నప్పుడు ఉరికిన వాళ్లమే. కానీ 1888 ఏప్రిల్ 30న ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ దగ్గర పడ్డ రాళ్లవానలో 246 మంది చనిపోయారు. ప్రపంచంలో రాళ్లవానకు ఎక్కువ మంది చనిపోయింది అప్పుడేనని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో ఉంది. కాబట్టి పెద్ద తరగతుల వాళ్లు మొదట చేయాల్సిన పని మొక్కలను చూడటం కాదు, మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలంతా లోపల ఉన్నారా లేదా అని పేర్లు పిలిచి చూడటం. తోట మళ్లీ వేసుకోవచ్చు.

వాన వెలిసిన తర్వాత

వాన వెలిసి, ఉరుములు ఆగి అరగంట అయినాక తోటలోకి పోదాం. తోట చూస్తే ఏడుపు వస్తుంది. అంతా పోయింది అనిపిస్తుంది. వెంటనే ఏదీ పీకొద్దు. చినిగిన ఆకుల కింద బతికిన మొగ్గలు ఉంటాయి.

మొదటి రోజు: మొక్క మొదట్లో కుప్పగా నిలిచిన మంచురాళ్లను చేత్తో గానీ చీపురుతో గానీ పక్కకు తోయాలి. నిలిచిన నీళ్లను కాలువలోకి వదలాలి. పడిపోయిన మొక్కను మెల్లగా లేపి, మట్టి ఎగదోసి, కర్రకు కట్టాలి. దెబ్బతిన్న కాయలన్నీ ఏరి అదే రోజు వంటింటికి ఇవ్వాలి, మరుసటి రోజుకు కుళ్లుతాయి.

రెండో, మూడో రోజు: పూర్తిగా విరిగిన కొమ్మలను పదునైన కత్తితో నున్నగా కోయాలి. సగం చినిగిన ఆకులను ఉంచాలి, మొక్కకు అన్నం వండేది ఆ ఆకే. తోటకూర, పాలకూర, పుంటికూరలను మొదటి నుంచి రెండు మూడు అంగుళాలు వదిలి పైన కోసేస్తే మళ్లీ చిగురు వస్తుంది. కోసిన, విరిగిన చెత్తనంతా ఎరువు గుంతలో వేయాలి.

గాయాల ద్వారా తెగులు రాకుండా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చల్లమని వ్యవసాయ అధికారులు చెబుతుంటారు. అది కావాలో వద్దో సార్లు వాళ్లను అడిగి తేల్చాలి, చల్లేది కూడా పెద్దవాళ్లే. పిల్లలు మందు ముట్టొద్దు. చల్లిన తోటలో డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా కాయ కోయొద్దు.

పూర్తిగా పోయిన మడిలో మళ్లీ ఏం వేయాలి? ఇక్కడ రోజులు లెక్కపెట్టాలి. మార్చి 20న రాళ్లు పడ్డాయి అనుకుందాం. సెలవులకు ఇంకా సుమారు 35 రోజులు. బెండ విత్తితే మొదటి కాయకు 45 నుంచి 50 రోజులు పడుతుంది. మనం ఊళ్లకు పోయినాక కాస్తుంది, ఎవరు తింటారు? తోటకూర 25 నుంచి 30 రోజుల్లో వస్తుంది. మెంతికూర కూడా అంతే. కాబట్టి అవే చల్లాలి. ఏప్రిల్‌లో పడితే కొత్తగా ఏమీ విత్తకుండా, ఉన్న మొక్కలను కోలుకునేటట్టు చూడటమే మేలు.

వార్డెన్ సార్లకు మనవి

సార్, దీనికి పెద్దగా డబ్బు అక్కరలేదు. ఖాళీ గోనెసంచులు, పాత దుప్పట్లు పారేయకుండా తోట కోసం ఇప్పించండి. పాత వెదురు, తాడు కొంచెం కావాలి. హెచ్చరిక వచ్చిన రోజు సాయంత్రం స్టడీకి బదులు మధ్యాహ్నం అన్నం తర్వాత అరగంట తోటకు వదలండి, చదువు రాత్రి చదువుకుంటాం. పదో తరగతి వాళ్లకు పరీక్షలు కాబట్టి వాళ్లను ఈ పని నుంచి వదిలేద్దాం. వాళ్ల వంతు తొమ్మిదో తరగతి చేస్తుంది.

పని పంపకం

9వ తరగతి: పందిరి గుంజలు, దడి, వెదురు బద్దలు.
8వ తరగతి: ఊతకర్రలు, కాలువలు.
7వ తరగతి: మట్టి ఎగదోయడం, ఆకులు పరచడం.
6వ తరగతి: తాడు పేనడం, గుడ్డ పేలికలు చించడం.
5వ తరగతి, ఆ లోపు: ఎండాకులు, చిన్న రాళ్లు ఏరి తేవడం.

ఈ ఆదివారం పొద్దున టిఫిన్ కాగానే అందరూ తోట దగ్గరికి రండి. ఇంట్లో పాత గంప, పాత చీర ఉన్నవాళ్లు అమ్మానాన్నలు చూడటానికి వచ్చినప్పుడు తెమ్మని చెప్పండి. కత్తి, గొడ్డలి మాత్రం పెద్దవాళ్ల చేతుల్లోనే ఉండాలె.